‘రిస్క్’ అన్న మాటను మన భాషలో ఏమని చెప్పాలి?

ఐదో నెల గర్భంతో ఉన్న మా గూడెం చెల్లెలికి రక్త పరీక్షలో డౌన్ సిండ్రోమ్‌కు ‘హై రిస్క్, 250లో 1’ అని వచ్చింది. తోడుగా పట్నం వెళ్లాం. డాక్టరమ్మ తెలుగులో చెప్పారు, మేము కోయలో చెప్పాలి. “బిడ్డకు జబ్బు ఉందంట” అనేశాం. ఆమె అత్త అక్కడే కూలబడింది. ఆ తప్పు మాదే.

250లో 1 అంటే, అదే ఫలితం వచ్చిన 250 మంది తల్లుల్లో 249 మంది బిడ్డలకు ఆ సమస్య ఉండదు. రక్త పరీక్ష బిడ్డను చూడదు. తల్లి వయసు, రక్తంలోని కొన్ని పదార్థాల కొలతలు కలిపి కట్టిన లెక్క అది. 18 నుంచి 22 వారాల మధ్య చేసే టిఫా స్కాన్‌లో మెడ వెనుక చర్మం మందం, ముక్కు ఎముక, తొడ ఎముక, గుండె చూస్తారు. గుండెలో రంధ్రం వంటి లోపం కనిపిస్తే అనుమానం బలపడుతుంది. గుండెలో తెల్లటి చుక్క ఒక్కటే ఉంటే, అది ఆరోగ్యంగా పుట్టే పిల్లల్లోనూ కనిపించేదే. స్కాన్ అంతా బాగుంటే అనుమానం తగ్గుతుంది గాని పూర్తిగా పోదు. తేలాలంటే ఉమ్మనీరు తీసి పరీక్షించాలి. అందులో గర్భం పోయే ముప్పు కొద్దిగా ఉంది.

ఇంత సంగతిని రెండు మాటలకు ఎందుకు కుదించాం? మనవాళ్లకు లెక్కలు అర్థం కావని, చదువుకున్న మేమే అనుకున్నాం. మబ్బు పట్టిన ప్రతిసారీ వాన పడదని తెలిసే విత్తనం చల్లేవాళ్లకు ఇది అర్థం కాదా?

భయపెట్టడమెందుకు, చెప్పకుండా ఉంటే పోలా అనేవాళ్లూ ఉన్నారు. అదీ తప్పే. 2021లో సవరించిన చట్టం ప్రకారం గర్భం తీయించుకోవాలంటే 20 వారాలు దాటాక ఇద్దరు డాక్టర్ల అభిప్రాయం, 24 దాటాక మెడికల్ బోర్డు అనుమతి కావాలి. ఉమ్మనీటి ఫలితానికి రెండు మూడు వారాలు పట్టవచ్చు. వాగు పొంగితే మరికొన్ని రోజులు. మనం దాచిన ప్రతి రోజూ ఆమె చేతిలోంచి పోయిన రోజే. 18 ఏళ్లు నిండిన స్త్రీ సమ్మతి చాలు, భర్త సంతకం చట్టం అడగదు. అత్తమామలు, ఊరి పెద్దలు, పంతుళ్లమైన మేము, ఎవరమూ ఆమె బదులు నిర్ణయించలేం.

ఆ రాత్రి అరుగు మీద 250 చింతపిక్కలు పోసి, ఒకదానికి సున్నం రాసి కలిపాం. చెల్లెలు చాలాసేపు చూసి, “ఆ ఒక్కటి నాదైతే?” అంది.

“నీ బిడ్డే కదా, కను” అనడం తేలిక. ఐదేళ్ల తర్వాత ఆ బిడ్డ మా బడి గుమ్మంలో నిలబడితే పక్కన కూర్చోబెట్టుకుని నేర్పే ఓపిక మాకుందా? అది లేకుండా కనమనడానికి మాకు నోరెక్కడిది? వద్దనడానికీ మేమెవరం?

ఆమె ఏం నిర్ణయించుకుందో ఇక్కడ రాయం. ఆ మాట ఆమెది. దాన్ని తేల్చుకోవడానికి కావలసిన నిజమంతా ఆమె భాషలో చెప్పడమే మా వంతు. మొదటిసారి అది మేము చేయలేదు.