కొత్త మాట ఎందుకు రాదు?



మా తీరం వాడల్లో పదేళ్లుగా సభల్లో మాట్లాడుతున్నాను. పోయిన అశోక విజయదశమి సభ అయ్యాక ఒక పెద్దమ్మ నన్ను ఆపింది. "అబ్బయా, నువ్వు చెప్పేదంతా నాకు నోటికొచ్చేసింది. బాగానే ఉండాది. నా మనవడు రోజూ తాగొస్తన్నాడు. దానికేం చెప్తావు?" అంది. నా దగ్గర జవాబు లేదు.

ఈ ఏడాది కొత్తగా చెప్పాలని కాగితం ముందేసుకుని మూడు రాత్రులు కూర్చున్నా. ఒక్క వాక్యం రాలేదు. బి.ఏ. చదివినోణ్ణి, పుస్తకాలున్నోణ్ణి, ఎందుకు రాలేదు?

ఇలాంటి ప్రశ్నే సంగారవుడనే బ్రాహ్మణుడు బుద్ధుణ్ణి అడిగాడు. ఎంతో కాలం వల్లించిన మంత్రాలు కూడా ఒక్కోసారి గుర్తుకు రావు, ఎందుకని? దేవుడి దయ లేదనో, నొసటి రాత అనో బుద్ధుడు చెప్పలేదు. గిన్నెలో నీళ్లు చూపించినట్టు చెప్పాడు. రంగు కలిపిన నీళ్లలో మన ముఖం కనపడదు. మరిగే నీళ్లలో, నాచు కప్పిన నీళ్లలో, గాలికి అలలు లేచే నీళ్లలో, బురద కలిసి చీకట్లో పెట్టిన నీళ్లలో కూడా కనపడదు. ఇవే పంచ నీవరణాలు: కోరిక, ద్వేషం, మందకొడితనం, కలత, సందేహం.

నా గిన్నెలోకి తొంగి చూసుకున్నా. చప్పట్లు కావాలనే కోరిక రంగులాగా కలిసి ఉంది. పక్క సంఘం వాళ్ల మీద కోపం లోపల మరుగుతా ఉంది. పాత ఉపన్యాసమే చాల్లే అనే నాచు పట్టింది. నిమిషానికోసారి ఫోన్ చూస్తుంటే మనసు అలలు అలలుగా లేస్తోంది. "నేనెంతటి వాణ్ణి?" అనే బురద అడుగునే ఉంది. కొత్త మాట లేకపోవడం కాదు, ఉన్నది కనపడకపోవడం నా జబ్బు.

ఇక్కడొక జాగ్రత్త. సందేహం వేరు, ప్రశ్న వేరు. సందేహం కూర్చోబెడుతుంది, ప్రశ్న నడిపిస్తుంది. వృద్ధుణ్ణి, రోగిని, శవాన్ని చూసి సిద్ధార్థుడు ఇల్లు వదిలాడన్న కథను అందరూ నమ్మారు. 29 ఏళ్లు వచ్చేదాకా ఇవేవీ చూడకుండా ఎట్టా ఉంటాడని బాబాసాహెబ్ అడిగాడు. ఆ ప్రశ్న నుంచే రోహిణీ నది నీళ్ల కోసం శాక్యులకూ కోలియులకూ వచ్చిన తగాదా దాకా వెళ్లి, 'బుద్ధుడు-ఆయన ధమ్మం'లో కొత్త సమాధానం రాశాడు.

ఇంకొక జాగ్రత్త. పొద్దస్తమానం రొయ్యలు ఒలిచి వచ్చిన మన అక్కకు రాత్రి ఆలోచన సాగకపోతే అది నీవరణం కాదు, అలసట. ఆళవిలో ఆకలితో వచ్చిన రైతుకు బుద్ధుడు ముందు అన్నం పెట్టించి, తర్వాతే ధమ్మం చెప్పాడు. విశ్రాంతి దొరకని మనిషిని సోమరి అనడం మన నోటికి తగదు.

మరి నీళ్లు తేరుకుంటే చాలా? చాలదు. అందులో కనపడాల్సిన ముఖం నా ఒక్కడిదే కాదు. మన జిల్లానే చూడండి. నెల్లూరు అక్షరాస్యతా ఉద్యమంలో ఆడవాళ్లు రాత్రి బడుల్లో కూర్చున్నారు. దూబగుంటలో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా మాన్పించిన కథ వాళ్లకు పాఠంగా వచ్చింది. దాన్ని చదివి మిగతా ఊళ్ల ఆడవాళ్లు "మనమెందుకు చెయ్యలేం?" అనుకున్నారు. 1992లో ఆ ఉద్యమం జిల్లా అంతా, తర్వాత రాష్ట్రమంతా పాకింది. 1993 అక్టోబర్ 1 నుంచి రాష్ట్రంలో సారాను నిషేధించారు. అంత పెద్ద ఆలోచన ఏ మేధావి బల్ల మీదా పుట్టలేదు. పలక పట్టుకున్న ఆడవాళ్లు తమ బతుకు గురించి తాము మాట్లాడుకున్న చోట పుట్టింది. మనం రోజూ వల్లించే ఐదో శీలాన్ని వాళ్లు వీధిలోకి తెచ్చారు.

నాలుగో రాత్రి కాగితం మడిచి పెట్టేశా. కాసేపు శ్వాస మీద మనసు పెట్టి కూర్చున్నా. పొద్దున్నే పెద్దమ్మ ఇంటికి పోయి, "మీ వాడి సంగతి చెప్పు పెద్దమ్మా" అన్నా. ఆమె గంటసేపు చెప్పింది. నేను విన్నా. పదేళ్లలో ఆ పని చెయ్యడం అదే మొదటిసారి.

ఈసారి సభలో నేను పది నిమిషాలే మాట్లాడాను. తర్వాత తల్లులు మాట్లాడారు. ఇప్పుడు ప్రతి పున్నమికి కలుస్తున్నాం, తాగే పిల్లల్ని కూడా పిలిచి కూర్చోబెట్టుకుంటున్నాం. ఆ మనవడు పూర్తిగా మానలేదు. కానీ రెండుసార్లు వచ్చి కూర్చున్నాడు.

మీకూ మాట ఆగిపోతే మిమ్మల్ని మీరు తిట్టుకోవద్దు. గిన్నెలో ఏం కలిసిందో చూసుకోండి. నీళ్లు తేరుకోనివ్వండి. తర్వాత లేచి, మీ మాట ఎవరి కోసమో వాళ్ల గడపకు పోండి.

నమో బుద్ధాయ! జైభీమ్!