కాలదోషం పట్టని ఋణం

ప్రామిసరీ నోటుకు మూడేళ్లు దాటితే కాలదోషం పడుతుంది. దేహానికి జరిగిన కీడు ఆ గడువును పాటించదు. ఊపిరితిత్తుల్లో చేరిన రాతినార ధూళి ఆస్బెస్టోసిస్‌గానో, మెసోథీలియోమా అనే క్యాన్సర్‌గానో బయటపడడానికి ఇరవై నుంచి నలభై ఏళ్లు, ఒక్కొక్కప్పుడు అంతకు మించి పడుతుంది. ఆలోగా యజమానులు మారతారు, సంస్థల పేర్లు మారతాయి, పనివాడు వృద్ధుడవుతాడు. కర్మకూ ఫలానికీ నడుమ ఇంత ఎడం ఏర్పడినప్పుడు బాధ్యత ఎవరిదన్న ప్రశ్న న్యాయస్థానం కంటే ముందు నీతి ఎదుటికి వస్తుంది.

రెండవ ప్రపంచయుద్ధ కాలపు నౌకల్లో ఆవిరి గొట్టాలకు, బాయిలర్లకు రాతినార చుట్టేవారు. నావికులను అగ్ని నుంచి కాపాడిందీ అదే, దశాబ్దాల తరువాత వారిలో ఎందరినో బలిగొన్నదీ అదే. యుద్ధావసరమన్న సమాధానాన్ని పూర్తిగా తోసిపుచ్చలేము. తెలియక జరిగిందన్న మాట మాత్రం నిలవదు. రాతినార కర్మాగారాల్లో ధూళిని అదుపు చేసే నిబంధనలను బ్రిటన్ 1931లోనే చేసింది. ప్రభుత్వంపై నష్టపరిహారపు దావా వేసే హక్కును పౌరులకు ఇచ్చిన 1947 నాటి చట్టం సైనికులకు దాన్ని నిరాకరించింది. 1987లో ఆ అడ్డంకి తొలగినా పాత సేవాకాలానికి అది వర్తించలేదు. మెసోథీలియోమా సోకిన మాజీ సైనికులకు 1,40,000 పౌండ్ల ఏకమొత్తాన్ని ప్రకటించేసరికి 2015 డిసెంబరు వచ్చింది.

ఎంత ఆలస్యమైనా నావికుని చేతిలో ఒక ఆధారముంది. ఏ నౌకలో ఎప్పటినుంచి ఎప్పటివరకు పనిచేశాడో చెప్పే సేవాపత్రం అది. జంషెడ్‌పూర్‌లోని బారిడీహ్‌లో నివసించే శాశ్వతోద్యోగికీ ఉద్యోగసంఖ్య, ఆసుపత్రి కాగితాలు ఉంటాయి. పక్క వీధిలోని ఠేకేదారు కూలీకి అవి అరుదు. అక్కడికి నైరుతి దిశలో, చైబాసా సమీపాన రోరో కొండలున్నాయి. హైదరాబాద్ ఆస్బెస్టాస్ సిమెంట్ ప్రొడక్ట్స్ సంస్థ అక్కడ నడిపిన గని 1983లో మూతపడింది. (సంస్థ పేరులోని ఊరు తెలుగువారికి కొత్తది కాదు.) తవ్వి పోసిన లక్షల టన్నుల వ్యర్థం కొండవాలునే మిగిలి, వానకు పొలాల్లోకి, ఎండకు గాలిలోకి చేరుతూ వచ్చింది. చుట్టుపట్ల గ్రామాలు హో ఆదివాసులవి. గనికూలీ మస్టరు యజమాని వద్దే ఉంటుంది. గనితోపాటే అదీ కనుమరుగవుతుంది. ఆయాసంతో వైద్యుని వద్దకు వెళ్లిన కూలీకి క్షయమందులు రాసి పంపడం మన దేశంలో పరిపాటి.

1995 జనవరి 27న సర్వోన్నత న్యాయస్థానం ఇచ్చిన తీర్పు ఇక్కడ గమనార్హం. ఆంధ్రప్రదేశ్ నుంచి వెళ్లిన జస్టిస్ కె. రామస్వామి దాన్ని రచించారు. కార్మికుని ఆరోగ్యం జీవనహక్కులో భాగమని అది ప్రకటించింది. రోగం నిర్ధారణ అయినవారికి లక్ష రూపాయల పరిహారాన్ని నిర్దేశించింది. అందరూ ఆ లక్షనే గుర్తుంచుకున్నారు గాని, అంతకంటే లోతైన ఆదేశం మరొకటుంది: ప్రతి కార్మికుని ఆరోగ్య రికార్డును పనిలో చేరినప్పటినుంచి నలభై ఏళ్లు, లేదా విరమణ తరువాత పదిహేనేళ్లు, ఏది ఆలస్యమైతే అంతవరకు భద్రపరచాలి. పని ఇచ్చినవాడు కూలితోపాటు జ్ఞాపకాన్నీ బాకీపడతాడని ఒప్పుకున్న వాక్యమిది. రుజువు చూపే భారాన్ని కాగితమే దక్కని మనిషిపై మోపడంలోని అన్యాయాన్ని అది గుర్తించింది.

రోరో గని మూతపడిన పన్నెండేళ్లకు ఆ తీర్పు వచ్చింది. తెరవడానికి రికార్డు లేనిచోట, కొండను కౌలుకిచ్చి రాయల్టీ పుచ్చుకున్న రాజ్యానికే ఆ బాకీ సంక్రమిస్తుంది. ఊరూరా తిరిగి, ఎవరు ఏ ఏళ్లలో గనిలోకి దిగారో అడిగి రాసుకోవడం ప్రభుత్వ యంత్రాంగానికి అసాధ్యం కాదు. 1983లో ఇరవై ఏళ్లున్నవారికి ఇప్పుడు అరవై దాటాయి.