కట్ట యెవరిది?

ఒకడు తన భూమిలో తన ధనముతో మట్టికట్ట వేసి, వాననీటిని నిలిపి, పొలములను పండించుకొనుచున్నాడు. ఆ నేల వానిది. ఆ నీటివలన పండిన ధాన్యమును వానిదే. దీనిని కాదనువారు లేరు. కాని కట్టకు దిగువను ఒక పల్లె యున్నది. ఆ పల్లెవారు కట్టను వేయలేదు, దాని ఫలమును ననుభవించుట లేదు; అయినను రాత్రి నిద్రించునప్పుడు వారి ప్రాణములు ఆ కట్టమీదనే యాధారపడి యున్నవి. నీరు ఎవరిదను ప్రశ్నకు ఉత్తరము సులభము. అపాయము ఎవరిదను ప్రశ్నకు అంత సులభము కాదు. ధర్మవిచారము చేయువారు ఆలోచింపవలసినది ఈ రెండవ ప్రశ్ననే.

మన పూర్వులు తటాకనిర్మాణమును సప్తసంతానములలో నొకటిగా నెంచిరి. కడప మండలమందలి పోరుమామిళ్లలో విజయనగర రాజకుమారుడగు భాస్కరుడు చెరువు కట్టించి, 1369వ సంవత్సరమున శాసనము వేయించెను. ఆ శాసనము కేవలము దాత కీర్తిని చెప్పి యూరకుండలేదు. మంచి చెరువునకు కావలసిన పండ్రెండు అంగములను, చెరువునకు కలుగు ఆరు దోషములను లెక్కించి చెప్పినది. కట్టనుండి నీరూరుట ఆ దోషములలో నొకటి. పుణ్యమును గోరి వేయించిన రాతిమీదనే దోషముల పట్టికను కూడ చెక్కించుట గమనింపదగిన విషయము. సంతానమను మాటలోనే ఈ బాధ్యత యిమిడియున్నది. బిడ్డను కన్నంతమాత్రమున తండ్రి ఋణము తీరదు. పెంచవలెను, వాడు పరులకు చెరుపు చేయకుండ కనిపెట్టవలెను. చెరువు త్రవ్వించిన పుణ్యమును తాతలనాటినుండి చెప్పుకొనువారు, దానిని చూడక విడిచిన పాపము మాత్రము తమది కాదనుట న్యాయమా?

మట్టికట్ట ఒక్క రాత్రిలో తెగినట్లు మనకు తోచును. నిజమునకు అది యేండ్ల తరబడి తెగుచునే యుండును. తెగుటకు ముఖ్యమైన మార్గములు రెండు. మొదటిది, నీరు కట్టపైనుండి పొరలుట. రాతికట్టడము కొంతసేపు ఓర్చును గాని మట్టికట్ట ఓర్వదు. పొరలిన నీరు వెనుకవాలును కోసికొని పోయి గండి పెట్టును. అందుకే మిగులునీరు పోవుటకు అలుగు కట్టుదురు. అలుగును పూడ్చినను, నీరెక్కువ నిలుచునని దానిపై మన్ను వేసి యెత్తు పెంచినను, కట్టకు ఊపిరాడు దారిని మూసినట్లే. రెండవది, నీరు కట్టలోనుండి దారి చేసికొనుట. ఎలుకబొరియలు, చచ్చిన చెట్టు వేళ్లు, తూముప్రక్క వదులైన మన్ను దీనికి తోడగును. వెనుకవైపు ఊరు నీరు తేటగా నున్నంతకాలము కొంత నెమ్మది. అది బురదరంగు తిరిగిన నాడు కట్ట లోలోపల కరగుచున్నదని యర్థము. ఈ గుర్తులను కనిపెట్టుటకు గొప్ప శాస్త్రజ్ఞానము అక్కరలేదు. కట్టవెంబడి నడచువాడొకడు, వాని మాట వినువాడొకడు ఉన్న చాలును.

తన నీరు తనకు ప్రియమే కదా, యజమాని తానై కాపాడుకొనడా యని కొందరందురు. ఈ వాదము వినుటకు ఇంపుగా నున్నది గాని నిలువదు. కట్ట తెగినచో యజమానికి ఒక యేటి నీరు, ఒక పంట పోవును. దిగువవానికి ఇల్లు, పశువులు, ఆలుబిడ్డలు పోవుదురు. ఇరువురి నష్టములు సమానము కానప్పుడు ఇరువురి జాగ్రత్తయు సమానముగా నుండదు. మరియు మరమ్మతునకగు వ్యయము నేడే కంటికి కనబడును. ప్రమాదము ఎప్పుడో, వచ్చునో రాదో. కట్ట తెగకుండ గడచిన ప్రతి సంవత్సరమును, ఇక తెగదనుటకు సాక్ష్యమువలె తోచును. ఇది దుర్మార్గుల స్వభావము కాదు. మన యందరి స్వభావము. కావున సజ్జనుడైన యజమానికి సైతము తన కన్ను గాక వేరొక కన్ను అవసరము.

ఈ విషయమున మన దేశములోనే ఒక ప్రసిద్ధమైన వ్యాజ్యము నడచినది. కార్వేటినగరము జమీందారుగారి భూములలోని రెండు చెరువులు తెగి, ఆ నీటివలన మద్రాసు రైల్వేకంపెనీవారి మార్గమునకు నష్టము కలిగెను. కంపెనీవారు వ్యాజ్యము వేసిరి. ఇంగ్లండులో 1868వ సంవత్సరమున ప్రభువుల సభ రైలాండ్సు, ఫ్లెచరు అనువారి వ్యాజ్యమున ఒక సూత్రమును స్థిరపరచి యుండెను: తప్పించుకొని పోయినచో హాని చేయగల వస్తువును తన భూమిలోనికి తెచ్చి నిలుపుకొనువాడు, తన యజాగ్రత్త లేకపోయినను, జరిగిన నష్టమునకు ఉత్తరవాది యని. కంపెనీవారు ఆ సూత్రమునే శరణుజొచ్చిరి. కాని 1874లో ప్రీవీ కౌన్సిలువారు దానిని ఇచట వర్తింపజేయలేదు. ఈ చెరువులు అనాదిగా నున్నవి, దేశమున సేద్యమునకు జీవాధారములు; జమీందారు వాటిని తీసివేయుటకు అధికారము లేనివాడు, కాపాడుటకు బద్ధుడు; కావున అజాగ్రత్త రుజువైననే గాని అతడు నష్టమిచ్చుకొన నక్కరలేదని వారు తీర్పు చెప్పిరి.

ఈ తీర్పు జమీందారునకు జయమని చెప్పుకొందురు. కొంచెము లోతుగా చూచినచో అది స్వామ్యమునకు పరాజయము. తాను తీసివేయ వీలులేని వస్తువు తనకు పూర్తిగా సొంతమగునా? గేదెను అమ్ముకొనవచ్చును, ఇంటిని పడగొట్టుకొనవచ్చును. చెరువును పూడ్చుటకు మాత్రము వలను పడదు. అట్లయిన అతడు యజమాని యనుటకంటె ధర్మకర్త యనుట తగును. ధర్మకర్త లెక్క చూపవలసినవాడు. లెక్క యడిగినందులకు అతడు కోపింపరాదు. ఆ తీర్పులోని లోపమెల్ల ఇదియే: జాగ్రత్త తీసికొంటివా యని గండి పడిన తరువాత అడిగినదే గాని, పడకముందు అడుగువారెవరో అది నిర్ణయింపలేదు. సముద్రము దాటి పోయి న్యాయమడుగుటకు రైల్వేకంపెనీకి ధనమున్నది. దిగువ పొలములలోని కూలివానికి ఏమున్నది?

ఇది జమీందారీల కాలపు గాథ యని త్రోసివేయుటకు వీలులేదు. విద్యాధనములు మిక్కుటముగా గల అమెరికా రాజ్యములో, ఈ శతాబ్దముననే, హవాయి దీవులలోని కవాయి ద్వీపమున ఇట్టిదే జరిగెను. అచట కా లోకో యను మట్టికట్టను 1890లో చెరకుతోటల నీటికొరకు వేసిరి. చెరకు పోయినది, భూమి చేతులు మారి ఒక ధనికునికి వచ్చినది, దిగువను ఇండ్లు వెలిసినవి. 2006వ సంవత్సరమున విడువని వానల నడుమ, మార్చి 14వ తేదీ తెల్లవారకముందే కట్ట తెగి ఏడుగురు మరణించిరి. పిమ్మట జరిగిన విచారణలో అలుగు పూడ్చబడినట్లు గుర్తులు కనబడెను. కట్టలను చూడవలసిన ప్రభుత్వశాఖవారు ఆ కట్టను పరీక్షించినట్లు ఆధారమును దొరకలేదు. పైగా అది తక్కువ అపాయకరమైన వాటి పట్టికలో నుండెను. యజమానికి 2014లో ఏడు నెలల కారాగారశిక్ష విధింపబడెను. ఏడు ప్రాణములకు ఏడు నెలలు చాలునా యని లెక్కించుట వ్యర్థము; ఎన్ని నెలలైనను చాలవు. శిక్ష చచ్చినవారిని లేపదు. చట్టమున్నది, అధికారులున్నారు, పట్టికయు నున్నది. కట్టమీద నడచిన పాదములే లేవు.

మన దేశమున 2021వ సంవత్సరమున ఆనకట్టల భద్రతాచట్టము వచ్చినది. యజమాని ప్రభుత్వమైనను, కంపెనీ యైనను, కట్ట స్థితికి అతడే బాధ్యుడని అది చెప్పుచున్నది. వానకాలమునకు ముందును వెనుకను పరీక్ష జరుపవలెనని విధించుచున్నది. ఇది సంతోషింపదగిన మార్పు. అయితే ఆ చట్టము పదునైదు మీటర్లకు మించిన కట్టలకును, పది మొదలు పదునైదు మీటర్లలోపు వానిలో కొన్నిటికిని మాత్రమే వర్తించును. పల్లెలలోని చిన్నకట్టలు దాని కంటికి రావు. కట్ట యెత్తును కొలుచుటకు గజముబద్ద చాలును గాని, దాని క్రింద నిద్రించువారి సంఖ్యను గజముబద్ద చెప్పదు. మద్రాసు రాష్ట్రమున 1948నాటి చట్టముతో జమీందారీలు రద్దయి వాటి చెరువులు సర్కారువి యైనవి. యజమాని మారినాడే గాని ప్రశ్న మారలేదు. తన కట్టను తానే పరీక్షించుకొని బాగున్నదని వ్రాసికొను సర్కారు, తన లెక్కను తానే సరిచూచుకొను జమీందారునకు భిన్నమైనది కాదు.

అనంతపురము దగ్గరి బుక్కరాయసముద్రము చెరువు కథను కట్టమంచి రామలింగారెడ్డిగారు ‘ముసలమ్మ మరణము’ అను కావ్యముగా వ్రాసిరి. కట్ట తెగనున్నవేళ ఊరిని కాపాడుటకై ఒక యింటి కోడలు తన ప్రాణమును బలి యిచ్చినది. ఆమె త్యాగమునకు చేతులు జోడింతము. కాని ఆ త్యాగమును అంగీకరించిన లోకమునకు చేతులు జోడింపలేము. కట్టవెనుక గడ్డి కోయునది, బట్టలుదుకునది, ఊటనీరు రంగు మారుటను మొట్టమొదట చూచునది స్త్రీయే. చెరువు తెగునాడు కోడలి ప్రాణము కావలెనన్న కథను తరతరములుగా చెప్పుకొనుచున్నాము. తెగకముందు ఆమె యేమి చూచెనో అడిగినట్లు చెప్పు కథ మనకు లేదు.

కావున అపాయము ఎవరిమీద పడునో, కట్టను చూచు హక్కు వారికుండవలెను. ఇది యజమాని సొత్తును దోచుట కాదు. నీరు వానిదే, పంట వానిదే. కాని యేటికి రెండుమారులు దిగువవారిలో నలుగురు, అందు స్త్రీలును ఉండి, తెలిసిన ఇంజనీరుతో కూడ కట్టమీద నడచి అలుగును, తూమును, వెనుకవాలును చూచి, కన్నది వ్రాసి గ్రామసభలో చదువవలెను. లోపమున్నచో మరమ్మతు ముగియువరకు నీటిమట్టమును తగ్గించి యుంచవలెను. ఇందువలన యజమాని పంట కొంత తగ్గవచ్చును. ఆ తగ్గుదల దండుగ కాదు. పరుల ప్రాణములమీద నీరు నిలుపుకొనుటకు అతడు చెల్లింపవలసిన పన్ను. అది చెల్లింపనొల్లనివాడు కట్టను విడువవలెనే గాని, క్రిందివారిని దైవమునకు విడువరాదు.