చెప్పు కరవడం ఎవరి తప్పు?

కొత్త చెప్పులు తొడుక్కుని నాలుగడుగులు నడిచి, మడమ పట్టుకుని కూర్చున్నవాణ్ణి ఏమైందని అడిగితే, తెలుగువాడు ‘చెప్పు కరిచింది’ అంటాడు. పక్కింటి కన్నడిగుడూ, ఎదురింటి తమిళుడూ తమ తమ భాషల్లో ఆ మాటే అంటారు. హిందీలోనూ బూటు కాటేస్తుంది. నాలుగు భాషలు వినబడే వీధుల్లో కాపురముండే మనబోటివాళ్లకు ఇదొక చిన్న వింత. మిగతా విషయాల్లో కుదరని ఏకాభిప్రాయం ఈ ఒక్కదాంట్లో కుదిరింది. అన్ని భాషలూ కలిసి నేరాన్ని చెప్పుమీదే మోపాయి. కాని చెప్పుకు పళ్లు లేవు. మరి కరిచిందెవరు?

ఇది వేళాకోళానికి వేసిన ప్రశ్న కాదు. వీపున బరువు వేసుకుని కొండలెక్కే సరదా మన పట్టణాల్లో బాగా పెరిగింది. శుక్రవారం రాత్రి బెంగుళూరులో బస్సెక్కి, కుక్కె సుబ్రహ్మణ్యలో దిగి, 1712 మీటర్ల ఎత్తున్న కుమారపర్వతం ఎక్కివచ్చే కుర్రాళ్లు మా బ్యాంకులోనే ఉన్నారు. సోమవారం పొద్దున కౌంటరు వెనక కుంటుతూ తిరుగుతుంటారు. మడమ బొబ్బలెక్కకుండా ఎలాంటి బూటు కొనాలన్నది వాళ్ల సమస్య. ఆ సమస్యలోకి కాస్త దిగి చూస్తే అడుగున ఒక ధర్మసందేహం తగులుతుంది. దాన్ని పాఠకుల ముందు పెడుతున్నాను.

ముందు బొబ్బ సంగతి చూద్దాం. పైన ఒరుసుకుపోవడం వల్ల బొబ్బ వస్తుందని మనం అనుకుంటాం. పైన ఒరుసుకుంటే చర్మం దోక్కుపోతుంది. బొబ్బ అది కాదు. అడుగు తీసి అడుగు వేసినప్పుడల్లా లోపల మడమ ఎముక కదులుతుంది. పైచర్మం మాత్రం మేజోడును, మేజోడు బూటును పట్టుకుని అక్కడే నిలబడిపోతాయి. ఎముక ఒక దిక్కుకు, చర్మం ఒక దిక్కుకు లాగుతుంటే, మధ్యనున్న పొరలు సాగి సాగి లోపలే చిరుగుతాయి. ఆ చిరుగులో నీరు చేరితే అదే బొబ్బ. చర్మం పలచగా ఉన్నచోట పైపొర లేచిపోతుంది గనుక వెంటనే తెలుస్తుంది. మందంగా ఉండే అరచేతిలో, అరికాల్లో, మడమ దగ్గర చిరుగు లోపలే మొదలవుతుంది గనుక మొదట్లో పైకి ఏమీ కనబడదు. చెమట తడి తగిలితే పట్టు ఇంకా బిగుస్తుంది. వీపున బరువు పెరిగేకొద్దీ ఈ లాగుడూ పెరుగుతుంది.

చిన్న బొబ్బకు ఇంత శాస్త్రమా అనుకోవద్దు. 1924లో అమెరికా అధ్యక్షుడు కాల్విన్ కూలిడ్జ్ కొడుకు, పదహారేళ్లవాడు, మేజోళ్లు లేకుండా బూట్లు తొడిగి టెన్నిస్ ఆడాడు. కాలివేలికి బొబ్బ లేచింది. అందులో చీము పట్టి, విషం రక్తంలో కలిసి, వారం పదిరోజుల్లోనే పిల్లవాడు పోయాడు. పెన్సిలిన్ కనుగొన్నది ఆ తర్వాత, 1928లో. దేశాధ్యక్షుడి ఇంట్లో కూడా ఆనాడు బొబ్బ బొబ్బే.

ఇక బూటు ఎంపిక. దుకాణంలో పొద్దున్నే ఖాళీ కాళ్లతో వెళ్లి, తివాచీమీద నాలుగడుగులు వేసి ‘హాయిగా ఉంది’ అని బిల్లు కట్టేస్తారు. ఆ హాయికి విలువ లేదు. సాయంత్రానికి పాదం కాస్త ఉబ్బుతుంది కాబట్టి సాయంత్రం వెళ్లాలి. కొండమీద వేసుకోబోయే మేజోళ్లే తొడుక్కుని చూడాలి. నూలుమేజోడు చెమటను పీల్చి తడిసి కూర్చుంటుంది. ఉన్ని మేజోళ్లో, సింథటిక్ మేజోళ్లో మేలు. లోపల ఒక పలచటిది, పైన ఒక మందపాటిది వేస్తే, ఆ జారుడు చర్మంలో కాకుండా రెండు మేజోళ్ల మధ్య జరిగిపోతుంది. రెండు పాదాలూ ఒక్క కొలతలో ఉండవు గనుక పెద్దదానికి సరిపోయే బూటు తీసుకోవాలి. లేసులు కట్టకముందు వేళ్లను ముందుకు తోస్తే మడమ వెనక ఒక వేలు పట్టాలి. చీలమండ వంపు దగ్గర లేసులు బిగిస్తే మడమ లేవకూడదు. అడుగుభాగం వంగనంత బిరుసుగా ఉంటే బూటు నేలనే ఉండిపోయి మడమ ఒక్కటే లేస్తుంది. బొబ్బకు అదే మొదలు.

అన్నిటికంటే ముఖ్యమైనది మరొకటుంది. కొండమీద ఎంత బరువు మోయబోతామో అంత బరువూ వీపున వేసుకుని, మెట్లెక్కి దిగి చూడాలి. బరువు పడితే పాదం వంపు తగ్గి, పొడవూ వెడల్పూ పెరుగుతాయి. ఖాళీ వీపుతో కొలిచిన పాదం, మోతతో నడిచే పాదం ఒకటి కావు. అమెరికా సైన్యంలో ఎడ్వర్డ్ మన్సన్ అనే వైద్యాధికారి దాదాపు రెండువేలమంది సైనికుల పాదాలను పరిశీలించిన సంఘానికి నాయకత్వం వహించి, 1912లో సైనికుల బూట్లకు కొత్త అచ్చు తెచ్చాడు. ఆయన పద్ధతిలో సైనికుడి వీపున నలభై పౌండ్లు, అంటే సుమారు 18 కిలోలు, వేసి నిలబెట్టి, ఆ బరువంతా ఒక్క కాలిమీద ఆనించి అప్పుడు కొలత తీయాలి. అంతకుముందు ఎన్ని సైన్యాలు ఎన్నివేల మైళ్లు నడిచాయో! మోసేవాడి పాదాన్ని మోస్తుండగా కొలవాలన్న మాట ఒక నియమంగా రావడానికి అంతకాలం పట్టింది.

బ్యాంకు ఉద్యోగిగా నాకిది కొత్త సూత్రంలా తోచలేదు. అప్పు అడిగినవాడి స్తోమతు అప్పు లేనప్పటి ఆదాయంతో కాదు, కంతు కట్టిన తర్వాత మిగిలేదానితో చూడాలని మాకు మొదటి రోజుల్లోనే చెబుతారు. మన ఆదర్శాల సంగతీ అంతే. వాటిని ఎక్కువగా ఖాళీ వీపుతో, తివాచీమీద నిలబడి ఎంచుకుంటాం. సహనం, సర్దుబాటు, కష్టాన్ని ఓర్చుకోవడం అనే మాటలు బరువు లేనప్పుడు అందరి కాళ్లకూ సరిపోతాయి.

ఇక్కడ ఒక పెద్ద ఆక్షేపణ వస్తుంది. ‘ఇంత నాజూకు ఎందుకండీ? అలిపిరి నుంచి తిరుమలకు మూడువేల అయిదువందల పైచిలుకు మెట్లు వట్టికాళ్లతో ఎక్కేవాళ్లు లేరా? ఇరుముడి ఎత్తుకుని శబరిమలకు చెప్పుల్లేకుండా నడిచేవాళ్లు లేరా? నొప్పి ఓర్చుకుంటే కాళ్లు రాటుదేలుతాయి’ అంటారు. ఈ మాటలో నిజముంది. అయితే పాదం ఎలా రాటుదేలుతుందో చూడాలి. కొద్దికొద్ది ఒరిపిడి, మధ్యమధ్య విరామం, మళ్లీ కొద్దిగా ఒరిపిడి. ఇలా అయితే చర్మం మందమవుతుంది. ఒరిపిడి ఎక్కువై విరామం లేకపోతే అదే చర్మం చిరుగుతుంది. అయ్యప్ప దీక్ష నలభై ఒక్క రోజులు. అన్ని రోజులూ వట్టికాళ్లతో తిరిగినవాడి పాదానికి కొండ కొత్త కాదు. పైగా ఆ భక్తుడు కాలు మండితే మెట్టుమీద కూర్చోగలడు. ఎవరూ కాదనరు. నొప్పి అతని మొక్కు, అతని ఇష్టం.

నా మటుకు ధర్మసూక్ష్మమంతా ఆ కూర్చోవడంలోనే ఉంది. కొండ నడిచేవాళ్లందరికీ తెలిసిన నియమమొకటుంది. మడమ దగ్గర వెచ్చగా అనిపించగానే ఆగాలి. బూటు విప్పి, తడి తుడిచి, ఆ చోట పట్టీ అంటించాలి. మామూలు కాగితపు పట్టీ ముందుగా వేసుకుంటేనే బొబ్బలు గణనీయంగా తగ్గాయని దూరప్రయాణాల పరుగువీరులమీద జరిగిన అధ్యయనం ఒకటి 2016లో వెలువడింది. పది నిమిషాల పని. కాని ఆ పది నిమిషాలు ఆగే అధికారం ఎవరిది? ఆగగలిగినవాడి నొప్పి సాధన అవుతుంది. ఆగే హక్కు ఇంకొకడి చేతిలో ఉన్నవాడి నొప్పి అన్యాయం అవుతుంది. చూడ్డానికి రెండు బొబ్బలూ ఒక్కలాగే ఉంటాయి.

కేదారనాథ్ వెళ్లివచ్చినవాళ్లు మనలో చాలామంది ఉన్నారు. 2013 వరదల్లో పాతబాట కొట్టుకుపోయాక గౌరీకుండ్ నుంచి నడక ఇంకా పొడవైంది. ఆ బాటలో డోలీ మోసే నలుగురినీ, వెదురుబుట్టలో మనిషిని కూర్చోబెట్టుకుని ఒంటరిగా మోసే మనిషినీ చూసే ఉంటారు. వాళ్ల వీపులు చూశాం, చెమట చూశాం, బేరమాడాం. కాళ్లు ఎందరం చూశాం? వాటర్‌బాటిలు తప్ప ఏమీ మోయనివాడి కాళ్లకు వేల రూపాయల బూట్లు. అరవై కిలోల మనిషిని మోసేవాడి కాళ్లకు చాలాసార్లు అరిగిన కాన్వాసు బూట్లో, రబ్బరు బూట్లో. బరువు ఒకరి పద్దులోనూ, బూటు మరొకరి పద్దులోనూ రాసిన లెక్క ఇది. 1953లో ఎవరెస్టు ఎక్కిన బృందం సామాను మోసినవాళ్లు సుమారు 350 మంది. శిఖరం ఎక్కిన ఇద్దరి పేర్లూ బడిపిల్లలకు తెలుసు.

లోకం ఈ లెక్కను కొంత సరిచేసుకుంది. పెరూ దేశంలో ఇంకా బాటమీద సామాను మోసేవాళ్లకు 20 కిలోలకు మించి ఎత్తకూడదని 2001లో చట్టం చేశారు. నేపాల్ కూలీల కష్టం చూసి 1997లో ఏర్పడిన ఇంటర్నేషనల్ పోర్టర్ ప్రొటెక్షన్ గ్రూప్, మోసేవాడికి చలికీ మంచుకూ తగిన బట్టలు, కాళ్లకు తగిన తొడుగు ఇవ్వాల్సింది పనికి పెట్టుకున్నవాడేనని చెబుతూ వచ్చింది.

‘బూట్లిస్తే అమ్ముకుంటారు, మళ్లీ పాతవాటితోనే నడుస్తారు’ అనే మాట తరచు వింటాం. అమ్ముకుంటే తప్పేమిటన్నది అలా ఉంచండి. ఆ బూట్లు అతని కాలికి కొలిచి తెచ్చారా? చిన్నప్పటినుంచీ చెప్పుల్లేకుండా తిరిగిన పాదానికి వేళ్లు విచ్చుకుని ఉంటాయి. సన్నటి మూతి ఉన్న బూటులో అవి ఇమడవు. కొత్త తోలుబూటు వాడి వాడి మెత్తబడటానికి వారాలు పడుతుంది. బయల్దేరే పొద్దున కొత్త బూట్లు చేతికిచ్చి, వీపున పాతిక కిలోలు ఎత్తితే అది దానం అనిపించుకోదు. మన మనసుకు హాయి, అతని మడమకు బొబ్బ. అతను అవి విప్పేసి పాత చెప్పులు తొడుక్కుంటే, దాన్ని కృతఘ్నత అనకూడదు. ఆ చోట బూటు గురించి మనకంటే అతనికే ఎక్కువ తెలుసు.

అందుచేత నాకు తోచింది ఇది. ఇంకొకరి వీపున బరువు పెట్టేవాడు, అది కొండ అయినా, కచేరీ అయినా, కొత్తగా వచ్చిన కోడలున్న ఇల్లయినా, రెండు ప్రశ్నలకు జవాబు చెప్పుకోవాలి. ఈ బరువుతోనే ఈ బూటు వేసి చూశామా? మడమ వేడెక్కితే ఆగడానికి ఇతనికి అధికారం ఇచ్చామా? రెండింటికీ అవునని చెప్పలేనివాడు ఓర్పు గురించి బోధించకూడదు. ఓర్పు మోసేవాడు తనకు తాను చెప్పుకోవలసిన మాట. మోయించేవాడి నోట ఆ మాట వస్తే అది బరువుమీద ఇంకొంత బరువు.

చెప్పు కరవడం చెప్పు తప్పు కాదు, కాలి తప్పు అంతకన్నా కాదు. బరువెత్తే ముందు ఆ రెంటికీ పొత్తు కుదిరిందో లేదో చూడవలసినవాడొకడు ఉంటాడు. మన బరువు మనమే మోసుకునేటప్పుడు ఆ ఒకడు మనమే. మన బరువు ఇంకొకరు మోసేటప్పుడూ ఆ ఒకడు మనమే.