మొదటి రోజు లెక్క



అబద్ధం ఆడకుండానే ఎదుటివానిని మోసగించవచ్చునా? సంతలో గేదెను అమ్మేవాడు అది ఈనిన కొత్తలో ఎన్ని పాలిచ్చిందో చెబుతాడు. ఆ మాట నిజమే. వట్టిపోతున్న సంగతి మాత్రం చెప్పడు. ఈ పాత ప్రశ్నే నేడు ఒక కొత్త విజ్ఞానం ముందు నిలిచింది.

ప్లాస్టిక్ కరెంటును పారనివ్వదు. అందుకే తీగలకు దాని తొడుగు వేస్తారు. కాని 1977లో హీగర్, మెక్‌డయర్మిడ్, షిరకావా అనే శాస్త్రజ్ఞులు పాలీఎసిటిలీన్ అనే పాలిమర్‌కు అయోడిన్ ఆవిరి పట్టించి, అందులో విద్యుత్తు పారేటట్లు చేశారు. 2000లో వారికి రసాయనశాస్త్రంలో నోబెల్ బహుమతి లభించింది. ఆ బాటలోనే అర్ధవాహక పాలిమర్లతో సౌర ఘటాలు వచ్చాయి. వీటిని సిరావలె కరిగించి పలుచని రేకుపై అచ్చువేయవచ్చు. తేలికగా ఉంటాయి, వంచినా విరగవు.

ఎండ తగిలినప్పుడు ఈ పదార్థంలో ఎలక్ట్రాను, అది విడిచిన ఖాళీ జంటగా అంటిపెట్టుకొని ఉంటాయి. సుమారు 10 నానోమీటర్లలోపే ఎలక్ట్రానును పుచ్చుకొనే మరో పదార్థం ఎదురు కాకపోతే, అందిన వెలుగు వృథా అవుతుంది. అందుకే ఇచ్చేదానిని, పుచ్చుకొనేదానిని కలగలిపి పొరగా పోస్తారు. 1986లో చింగ్ టాంగ్ ప్రకటించిన సేంద్రియ ఘటం ఎండలో నూటికి 1 పాలు మాత్రమే విద్యుత్తుగా మార్చింది. నేడు ప్రయోగశాలల్లో ఆ లెక్క 20 దరిదాపులకు చేరింది. ఇది ఎందరో ఏళ్ల తరబడి చేసిన తపస్సు. దానిని గౌరవించాలి.

అయితే ఆ 20 సాధారణంగా గోరంత ముక్కపై, కొత్తగా ఉన్నప్పుడు కొలిచినది. గాలి, తేమ, అతినీలలోహిత కిరణాలు ఆ పొరను క్రమంగా చెడగొడతాయి. సిలికాన్ పలకలకు 25 ఏళ్ల హామీ ఇవ్వటం మామూలే. అమెరికాలో హీగర్ కూడా ఒక స్థాపకుడుగా 2001లో మొదలైన కొనార్కా సంస్థ ఈ ఘటాలనే తయారుచేసి, 2012లో దివాలా తీసింది. నేను ఎవరినీ నిందించటం లేదు. మేధావుల ఆశ కూడా ఫలించకపోవచ్చునని గుర్తుచేస్తున్నాను.

కాగలది వేరు, అయినది వేరు అన్నాడు అరిస్టాటిల్. విత్తనంలో చెట్టున్న మాట నిజమే. కాని విత్తనం చూపి పండ్ల ధర అడగటం న్యాయమా? కలవాడు నష్టపోతే మరొకటి కొంటాడు. అప్పుచేసి దీపం కొన్నవాడు నష్టపోతే చీకటిలోనే మిగులుతాడు. అతడు ప్రయోగశాలకు వెళ్లి సరిచూసుకోలేడు. వినేవానికి పరీక్షించే శక్తి ఎంత తక్కువైతే, చెప్పేవాని బాధ్యత అంత ఎక్కువ.

ఈ సంగతి పరిశోధకులే గుర్తించారు. ఘటం ఎంతకాలం నిలుస్తుందో పరీక్షించి తెలపటానికి 2011లో వారు ఉమ్మడి పద్ధతులను ప్రకటించారు. తమ గొప్పతో పాటు తమ లోపాన్నీ కొలిచి చెప్పటానికి పూనుకోవటమే సత్యసంధత.

కనుక మీకెవరైనా ఒక గొప్ప అంకె చెప్పినప్పుడు, “ఇది ఏనాటి లెక్క? ఎన్నాళ్లు నిలుస్తుంది?” అని అడగండి. మీరే చెప్పవలసివస్తే, అడగకముందే చెప్పండి.