బల్లమీది లోకోషెడ్డు

ఎదిగిన మనుష్యుడు బొమ్మరైలు చేయుచు సంవత్సరములు గడుపుట తగునా? ఇది నవ్వులాటకు అడిగిన ప్రశ్న కాదు. కాలము దేవుని సొమ్మనియు, మనము దానికి గృహనిర్వాహకులమనియు నమ్మువారు ఎప్పుడో ఒకప్పుడు దీనికి జవాబు చెప్పుకొనవలసియుండును.

ఇంగ్లండు దేశములో ఈ వ్యాసంగము గలవారు వేలకొలది మంది యున్నారు. వారు నిజమైన రైలుమార్గమును లెక్క ప్రకారము కుదించి బల్లమీద నిర్మింతురు. అక్కడ చాలమంది పాటించు లెక్క యేమనగా, అసలు దానిలో ఒక అడుగు నమూనాలో నాలుగు మిల్లీమీటర్లు. ఆ లెక్కను ఆరడుగుల మనిషి 24 మిల్లీమీటర్లు, అనగా అంగుళమునకు కొంచెము తక్కువ యగును.

వీరిలో కొందరు అందమైన స్టేషనును విడిచి, ఆవిరి యింజనుల లోకోషెడ్డును ఎన్నుకొందురు. అది రైలు ప్రయాణికులు అడుగుపెట్టని చోటు. పగలంతయు బండిని లాగిన యింజను అక్కడికి వచ్చి బొగ్గును నీటిని నింపుకొనును. దాని పొయ్యిలో గట్టిపడిన చిట్టెమును, బూడిదను మనుష్యులు పొడవైన పారలతో లాగివేయుదురు. ఆ వేడిలో, ఆ ధూళిలో వారి పని జరుగును. బాయిలరును అప్పుడప్పుడు కడుగవలెను. చల్లబడిన యింజనులో మరల ఆవిరి పుట్టించుటకు గంటల తరబడి మంట పెంచవలెను. కావున తెల్లవారుజామున బయలుదేరు బండికి నడిరాత్రియే ఎవడో ఒకడు మేల్కొని యుండవలెను. యింజను తుడుచు క్లీనరు కుర్రవాడు ముందుకు ఫైర్‌మను, ఆ తరువాత డ్రైవరు కావలెనని ఆశించుచు నూనెలో మసిలో చేతులు ముంచును. రాత్రివేళ ఇంటింటికి పోయి, తలుపు తట్టి డ్రైవర్లను లేపుటకు వేరుగా పిల్లవాండ్రుండిరి.

డిడ్కాట్ అను ఊరిలో 1932లో కట్టిన అట్టి షెడ్డు ఒకటి కలదు. అందులో నాలుగు పట్టాల వరుసలుండెను. 1965లో అది మూతపడెను. తరువాత ఆవిరి యింజనుల ప్రేమికులు దానిని కాపాడిరి. నేడు ఎవరైనను పోయి చూడవచ్చును. 1968 ఆగస్టులో బ్రిటిషు రైల్వే ప్రధాన మార్గములలో ఆవిరి బండ్ల క్రమమైన సేవ ముగిసెను. మన కాజీపేటలోను విజయవాడలోను లోకోషెడ్డులు నేటికిని కలవు గాని వాటిలో ఆవిరి యింజనులు లేవు. ఆ పనియు, ఆ పనివారును మరుగైపోయిరి.

ఇట్టి చోటును బల్లమీద నిలబెట్టువాడు అట్టముక్కలతో గోడ చేసి, ఇటుక ఇటుకకు గీత గీయును. నిజమైన బొగ్గునే నలిపి కుప్ప పోయును. బూడిద రంగు ఎక్కడ పడవలెనో, మసి ఎక్కడ అంటవలెనో ఆలోచించును. బూడిద కుప్పను సరియైన చోట పెట్టవలెనన్న, దానిని ఎవడు ఎక్కడ పారపోసెనో తెలిసికొనవలెను. నిచ్చెన నిలుపవలెనన్న, దానిని ఎవడు ఎందుకు ఎక్కెనో అడుగవలెను. చూచితిరా? ఆటవస్తువు అతనిని మెల్లగా మనుష్యుని యొద్దకు నడిపించినది. ఎవరును పొగడని శ్రమను అతడు జాగ్రత్తగా జ్ఞాపకము చేసికొనుచున్నాడు. మన తలవెండ్రుకలను సయితము లెక్కించు దేవునికి అట్టి జాగ్రత్త పరాయిది కాదు. ప్రత్యక్ష గుడారమును కట్టుటకు బెసలేలునకు చేతిపనిలో నేర్పు అనుగ్రహించినవాడు ఆయనయే గదా!

కాని ఇక్కడనే అపాయము కలదు. బల్లమీద నిలిచిన 24 మిల్లీమీటర్ల కూలివానికి దగ్గు రాదు, నడుము నొప్పి రాదు. జీతము పెంచుమని అడుగడు. పెట్టిన చోటనే యుండును. వానిని ప్రేమించుట బహు సులభము. నిజమైన కూలివాడు అయిదున్నర అడుగుల మనిషి; వానికి ఆకలి కలదు, కోపము కలదు, అప్పు కలదు. బొమ్మలో శ్రమను మెచ్చుకొని, ముంగిట నిలిచిన శ్రామికుని కసురుకొనువాడు, సగము కఱ్ఱను పొయ్యిలో పెట్టి మిగిలిన సగముతో దేవుని చేసికొనినవాని వంటివాడే. యెషయా ప్రవక్త గ్రంథము చదివినవారికి ఆ సంగతి తెలియును.

మన ప్రభువు అట్లు చేయలేదు. ఆయన పరలోకము నుండి మనలను చిన్న బొమ్మలవలె చూచుచు ఆనందింపలేదు. ఆయనే మన కొలతకు దిగివచ్చెను. అలసెను, ఆకలిగొనెను, వడ్రంగి పనిలో చేతులు కాయలు కాచుకొనెను. ప్రేమకు సరియైన కొలత అదియే.

కావున మొదటి ప్రశ్నకు జవాబిది: ఆట పాపము కాదు. విశ్రాంతిని నియమించినవాడు దేవుడే. పీటర్ డెన్నీ అను ఆంగ్లికను గురువు 1940ల దశకములో ఒక నమూనా రైలుమార్గమును ఆరంభించి, తన పరిచర్యతోపాటు దశాబ్దములు దానిని పెంచుచు వచ్చెను. 2009లో ఆయన నిద్రించిన తరువాత అది ఇతరుల చేతికి వచ్చెను. చేతిపని యిట్లు నిర్దోషమైన సంతోషము కావచ్చును. అయితే ఆ పని ముగించి లేచునప్పుడు మన కన్నులు పొరుగువాని వైపు మునుపటికంటె ఎక్కువగా తెరువబడెనా? లేక తలుపు మూసికొంటిమా? దీనినిబట్టియే ఆ పనికి తీర్పు కలుగును.

మన సంఘములలో బల్లమీద రైలు కట్టువారు అరుదు. అయినను ప్రతి సంఘములోను ఒక లోకోషెడ్డు కలదు. ఆదివారపు ఆరాధన మనకు కనబడును. శనివారము సాయంకాలము గుడి ఊడ్చిన అక్క కనబడదు. చాపలు పరచినవాడును, తెల్లవారకమునుపే గంట కొట్టినవాడును, ప్రేమవిందు ముగిసిన తరువాత గిన్నెలు తోమిన అమ్మయు కనబడరు. వారి పేరు తెలియని వారు మనలో ఎంతమంది? ఈ ఆదివారము ఇంటికి వెళ్లుటకు ముందు వారి యొద్దకు పోయి, పేరు పెట్టి పిలిచి, కృతజ్ఞత చెప్పుదము. అంతటితో ఆగక, వచ్చు శనివారము మనమును ఒక చీపురు పట్టుదము. మరుగున జరుగు సేవను చూచు తండ్రి మనలనందరిని దీవించునుగాక. ఆమేన్.