ఒక పగటి యాత్ర

ఏ కర్మకైనను ముందు సంకల్పము కలదు. సంకల్పమున కర్త మొదట పలుకునది తన కోరిక కాదు, దేశమును, కాలమును. ఏ నదుల నడుమ, ఏ సంవత్సరమున, ఏ తిథియందు నిలిచి యీ పని చేయుచున్నాడో చెప్పిన పిమ్మటనే గోత్రనామములును, ఫలమును వచ్చును. యాత్రకు బయలుదేరువారు పలువు రీ క్రమమును తలక్రిందు చేసి, ముందు కోరికను పెంచుకొని, పిదప కాలము చాలలేదని చింతింతురు.

తాండూరులో నాపరాతి పనిచేయు గృహస్థు డొకడు కలడనుకొందము. వారమున కొక్కదినమే సెలవు. ఇంట వృద్ధురాలైన తల్లి; చీకటి పడకముందే ఆమెకు మందును, అన్నమును అతడే పెట్టవలెను. కాలినడకను అనంతగిరి చేరి శ్రీ అనంతపద్మనాభస్వామిని సేవింపవలెనని అతని చిరకాల వాంఛ. తాండూరునుండియే నడచినచో 30 కిలోమీటర్లకు మించిన దారి. అలవాటులేని కాళ్లకు ఒక పగటిలో పోయివచ్చుట కానిపని. రైలులో వికారాబాదు చేరి, అచ్చట దిగి, కొండకు సుమారు 6 కిలోమీటర్లు నడచుట సాధ్యమే. కాని ఇరుగుపొరుగువా రందురు గదా: "రైలెక్కినవాని దేమి నడక? పని మానుకొన్నాక తీరికగా పోరాదా?"

తీరిక మాటకు ఆ కొండయే బదులు చెప్పగలదు. అచ్చట పుట్టు మూసీనది ముచుకుంద మహారాజు పేర వెలసినదని ఆ ప్రాంతపు నమ్మకము. దేవతలకై పోరాడి అలసిన ఆ రాజు నిద్రను వరముగా కోరి, గుహలో యుగములు నిద్రించెను. కాలయవనుడు భస్మమైన పిమ్మట కన్నులయెదుట శ్రీకృష్ణుని గాంచి ఆయన మొరపెట్టుకొన్నది రాజ్యమదమున తన కాలమంతయు వ్యర్థమయ్యెననియే. తీరిక దొరకువరకు ఆగుదమనువారు తలచుకొనవలసిన కథ యిది.

ఇక నడక కొంచె మనుమాట. భాగవతమున ఖట్వాంగుడు తన ఆయువు ఒక్క ముహూర్తమే మిగిలెనని తెలిసికొని, ఆ రెండు గడియలలో సర్వమును విడిచి హరిని చేరెను. కొలతచేత యాత్ర చిన్నది కాదు. అయితే ఈ కథను తప్పుగా అన్వయించుకొనరాదు. ఖట్వాంగునకు మరునాడు లేదు. తాండూరు గృహస్థునకు మరునా డుదయము పని కలదు, ఆ సాయంకాలమే తల్లి మందు కలదు. పుండరీకుడు తల్లిదండ్రుల సేవలో నుండగా పాండురంగడు ఇటుకపై నిలిచి వేచెను. తల్లిని ఆకలితో వేచియుండజేసి సాధించిన నడకను ఆ స్వామి మెచ్చునా?

కావున అతని యాత్రను తిరుగు రైలునుండి వెనుకకు లెక్కింపవలెను. ఎక్కుటకు రెండు గంటలు, దర్శనమునకును విశ్రాంతికిని రెండు, దిగుటకు ఒకటిన్నర; ఆపై ఒక గంట చేతిలో నుంచుకొనుట మేలు. కార్తికమాసపు జాతర సమ్మర్దమున మొదటిసారి పోవుట తగదు. అంతకుముందు రెండు మూడు వారములు తెల్లవారుజామున ఊరిలోనే గంటసేపు నడచి కాళ్లకు నేర్పవలెను. పాదములకు అలవడిన పాత చెప్పులనే తొడుగవలెను. ఘాటుదారి మలుపులలో బస్సులు, లారీలు తిరుగుచుండును. కుడివైపున, ఎదురువచ్చు బండ్లు కనబడునట్లు నడచుట క్షేమము.

దారిలో మోకాలు మొరాయించినచో? ఆటో ఎక్కవలసినదే. అది వ్రతభంగ మనుకొనుట పొరపాటు. "కాలము, బలము చాలినంతవరకు నడచెదను" అని మొదటనే సంకల్పించినవానికి భంగ మెక్కడిది? చేతులును, కాళ్లును, మనస్సును అదుపులో నున్నవానికే తీర్థఫలము దక్కునని మహాభారత వనపర్వము చెప్పుచున్నది. కాళ్ల అదుపన్నచో నడచుట మాత్రమే కాదు, నిలుచుటయును.

ఇల్లు చేరగానే తల్లి అడుగునది "ఎంత నడచితివిరా?" అని కాదు, "స్వామి ఎట్లున్నాడు నాయనా?" అని. ఆమెకు చెప్పుటకైనను సన్నిధిలో కొంతసేపు తొందరలేక నిలిచి కన్నులార చూడవలెను. అందులకై నడకలో ఒక కిలోమీటరు తగ్గినను తగ్గనిండు.